పైప్ నెబ్యులా ధూళి తూకం: ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఓఫియూకస్ మండలంలో, పాలపుంత కేంద్రం దిక్కుకు కాస్త ఎగువన, పైప్ నెబ్యులా అనే చీకటి మేఘం ఉంది. ధూళి గుండా వచ్చే కాంతి ఎర్రబడుతుంది కాబట్టి, దాని వెనకున్న నక్షత్రాలు ఎంత ఎర్రబడ్డాయో కొలవాలి, ఆ కొలతలతో ధూళి ఎక్కడ ఎంత ఉందో పటం గీయాలి, చివరికి మేఘం మొత్తం ద్రవ్యరాశి తేల్చాలి. టెలిస్కోపు అక్కర్లేదు. డేటా అంతా బహిరంగంగా ఉన్నదే. పరికరాలు: పైథాన్, ఆస్ట్రోపై, సైపైలోని కేడీ-ట్రీ (దగ్గరి బిందువులను త్వరగా వెతికే పద్ధతి), పట్టికలు కంటితో చూసుకోవడానికి టాప్‌క్యాట్.

జవాబు ముందే తెలిసిన మేఘాన్ని కావాలనే ఎంచుకున్నాం. 2006లో లొంబార్డీ, అల్వెస్, లాడా ఇదే మేఘాన్ని ఇదే దారిలో కొలిచారు: 8×6 డిగ్రీల ఆకాశం, సుమారు 45 లక్షల నక్షత్రాలు, 1 ఆర్క్‌మినిట్ స్పష్టత (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు), 130 పార్సెక్కుల దూరం (ఒక పార్సెక్కు 3.26 కాంతి సంవత్సరాలు), దాదాపు 10,000 సూర్య ద్రవ్యరాశులు. మన అంకె తేడా వస్తే తప్పు ఎక్కడుందో వెతుక్కోవచ్చు. ఎవరూ కొలవని మేఘంతో మొదలుపెడితే ఆ అవకాశం ఉండదు.

డైరీ పొడుగునా ఒక లోపాల ఖాతా నడుస్తుంది. ప్రతి దశ వల్ల ద్రవ్యరాశిలో ఎంత అనిశ్చితి చేరుతుందో సూర్య ద్రవ్యరాశుల్లో రాసి, వర్గాలు కూడి వర్గమూలం తీసి, అప్పటివరకు మొత్తం ఇస్తాం. ఆధారం 10,000.

దశ 1: డేటా దించుకోవడం

వాడింది టూమాస్ సర్వే. 1997 నుంచి 2001 వరకు ఆరిజోనాలో ఒకటి, చిలీలో ఒకటి, రెండు 1.3 మీటర్ల టెలిస్కోపులతో ఆకాశం మొత్తాన్ని జే (1.25 మైక్రాన్లు), హెచ్ (1.65), కే (2.16) బ్యాండ్లలో కొలిచారు. బిందు మూలాల జాబితాలో 47 కోట్ల వరుసలున్నాయి.

పరారుణమే ఎందుకో రెండు అంకెల్లో తేలిపోతుంది. ఏవీ అంటే వీ బ్యాండ్‌లో, అంటే కంటికి కనిపించే పసుపు-ఆకుపచ్చ కాంతిలో, ధూళి ఎన్ని మాగ్నిట్యూడ్‌లు మింగిందో ఆ లెక్క (మాగ్నిట్యూడ్ ప్రకాశం కొలత, అంకె పెరిగే కొద్దీ తార మసక). రీకే, లెబోఫ్‌స్కీ 1985లో ఇచ్చిన నిష్పత్తుల ప్రకారం వీలో 1 పోతే జేలో 0.282, హెచ్‌లో 0.175, కేలో 0.112 పోతుంది. ఏవీ 20 ఉన్న చోట కంటి కాంతి పది కోట్లవ వంతుకు పడిపోతుంది. కే బ్యాండ్‌లో ఎనిమిదో వంతు మిగులుతుంది.

1. పెట్టె: గెలాక్టిక్ రేఖాంశం −4 నుంచి +4 డిగ్రీలు, అక్షాంశం +2 నుంచి +8 డిగ్రీలు.
2. దీన్ని 1×1 డిగ్రీ గళ్లుగా 48 ముక్కలు చెయ్యాలి. ఒకేసారి అడిగితే సర్వర్ మధ్యలో వదిలేస్తుంది.
3. ప్రతి గడికీ కింది అంచు చేర్చి, పై అంచు వదిలెయ్యాలి. రెండూ చేరిస్తే హద్దు మీది నక్షత్రాలు రెండుసార్లు వస్తాయి.
4. తీసుకోవలసిన నిలువు వరుసలు: స్థానం, మూడు మాగ్నిట్యూడ్‌లు, వాటి మూడు లోపాలు, ఫోటో నాణ్యత ఫ్లాగ్, కల్తీ ఫ్లాగ్.
5. ప్రతి గడికీ ఎన్ని వరుసలు వచ్చాయో విడిగా రాసిపెట్టుకోవాలి.

ఐదోది చాదస్తంలా కనిపిస్తుంది కానీ మొదటి గండం దాంతోనే బయటపడుతుంది. పెట్టె రేఖాంశం 0 మీదుగా పోతుంది. జాబితాలో మాత్రం రేఖాంశం 0 నుంచి 360 వరకే రాసి ఉంటుంది. "−4కూ +4కూ మధ్య" అని అడిగితే 0 నుంచి 4 దాకా ఉన్న సగం మాత్రమే వస్తుంది, ఏ హెచ్చరికా రాదు. "356 కంటే ఎక్కువ లేదా 4 కంటే తక్కువ" అని అడగాలి. 45 లక్షలు రావలసిన చోట అందులో సగమే వచ్చిందంటే ముందు ఇదే చూడండి.

రెండో గండం వరుసల పరిమితి. ఆస్ట్రోక్వెరీ అనే పైథాన్ ప్యాకేజీ ద్వారా వీజియర్ అనే ఖగోళ జాబితాల సర్వర్‌ను అడిగితే మొదట్లోనే ఉండే పరిమితి 50 వరుసలు. 50 వస్తే వెంటనే పట్టుబడుతుంది. అసలు ప్రమాదం ఎవరో పెద్ద అంకె పెట్టి మరిచిపోయిన స్క్రిప్టుతో: కిక్కిరిసిన గళ్లు మాత్రమే తెగిపోతాయి, మిగతావి సవ్యంగా ఉంటాయి. చాలా గళ్లలో వరుసల సంఖ్య అచ్చంగా ఒకే గుండ్రటి అంకె అయితే అది ఆకాశం లక్షణం కాదు.

నిల్వ: 45 లక్షల వరుసలు, పది నిలువు వరుసలు, ఒక్కోటి 8 బైట్లు, వెరసి 360 ఎంబీ. మామూలు ల్యాప్‌టాప్ మెమరీలో పడుతుంది.

సరాసరి సాంద్రత: 48 చదరపు డిగ్రీలకు 45 లక్షలు, అంటే చదరపు ఆర్క్‌మినిట్‌కు 26 నక్షత్రాలు. ఈ 26ను గుర్తుంచుకోండి, మిగతా లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

ఖాతా: లోపం ఇంకా ఏమీ చేరలేదు.

దశ 2: వడపోత

టూమాస్ ప్రతి బ్యాండ్‌కూ ఒక నాణ్యత అక్షరం ఇస్తుంది. ఏ అంటే సిగ్నల్ శబ్దానికి కనీసం 10 రెట్లు, బీ అంటే 7, సీ అంటే 5. యూ అంటే ఆ బ్యాండ్‌లో నక్షత్రం అసలు దొరకలేదు, రాసినది హద్దు మాత్రమే.

చాలామంది మొదట చేసే పని మూడు బ్యాండ్లలోనూ "ఏ" ఉన్నవే ఉంచడం. పటం నున్నగా, అందంగా వస్తుంది. కానీ మేఘం నడిబొడ్డున రంధ్రాలు పడతాయి. కారణం: ఏవీ 20 దగ్గర జే బ్యాండ్‌లో 5.6 మాగ్నిట్యూడ్‌లు పోతాయి. మామూలుగా జే 13గా కనిపించే నక్షత్రం 18.6కు దిగుతుంది. టూమాస్ జేలో నమ్మకంగా చూసేది 15.8 వరకే. అంటే ధూళి ఎక్కువున్న చోటే, ధూళి గురించి చెప్పగల నక్షత్రాలను మన చేత్తో మనమే తీసేస్తున్నాం.

మార్చిన నియమం: హెచ్, కే రెండూ "ఏ" లేదా "బీ" ఉండాలి. జే ఉంటే వాడుకోవాలి, లేకపోతే ఆ నక్షత్రాన్ని హెచ్−కే (రెండు బ్యాండ్ల మాగ్నిట్యూడ్‌ల తేడా, అంటే రంగు) ఒక్కదానితోనే లెక్కించాలి. జేలో "యూ" ఉంటే ఆ అంకెను ఖాళీగా మార్చెయ్యాలి. హద్దును కొలతగా వాడితే జే−హెచ్ అసలు కంటే తక్కువ వచ్చి ధూళి తగ్గినట్టు చూపుతుంది.

కల్తీ ఫ్లాగ్‌లో ప్రకాశవంతమైన తారల వల్ల పుట్టిన దొంగ మూలాలు తెలుస్తాయి. అవన్నీ తీసెయ్యాలి. అయినా థీటా ఓఫియూకీ చుట్టూ ఒక మచ్చ మిగులుతుంది. 3వ మాగ్నిట్యూడ్ తార అది, సరిగ్గా మేఘం పక్కనే ఉంది. దాని కాంతి వలయంలో మసక తారలు దొరకవు. అక్కడొక వలయం గీసి, పటంలో "డేటా లేదు" అని రాసెయ్యడమే మంచిది. పక్క పిక్సెళ్లతో పూడ్చకండి.

ఎన్‌జీసీ 6355, ఎన్‌జీసీ 6316 అనే గోళాకార గుచ్ఛాలు కూడా పెట్టెలోనే ఉన్నాయి. వాటి తారల సహజ రంగు చుట్టుపక్కల తారల రంగుతో కలవదు, పైగా కిక్కిరిసి ఉండి ఒకదాని కాంతి ఇంకోదానిలో కలుస్తుంది. పటంలో గుండ్రటి అబద్ధపు మచ్చలు కనిపిస్తే ముందు గుచ్ఛాల జాబితా తియ్యండి. వీటికీ ముసుగు వేశాం.

దశ 3: ధూళి లేనప్పుడు రంగు ఎంత?

ప్రాజెక్టులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. ఎక్కువమంది తొందరగా దాటేసేదీ ఇక్కడే.

ఒక నక్షత్రం ఎంత ఎర్రబడిందో తెలియాలంటే ధూళి లేకుండా దాని రంగు ఎంతో తెలియాలి. ఒక్కొక్క తారకు అది తెలియదు. ధూళి తక్కువున్న పక్క ప్రాంతం ఒకటి, అంటే కంట్రోల్ ఫీల్డ్, తీసుకుని అక్కడి సగటు రంగును అందరికీ వర్తింపజేస్తాం. పైప్ వెనక ఎక్కువగా కనిపించేవి పాలపుంత నడిమి ఉబ్బులోని (బల్జ్) ఎర్ర దిగ్గజాలు. వాటి రంగులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ బాగా పని చేస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఈ దిక్కున ధూళి అసలే లేని చోటు లేదు. కంట్రోల్ ఫీల్డ్‌లో కాస్త ధూళి ఉంటే, ఆ మేరకు పటం అంతా తక్కువ చూపిస్తుంది. రెండో చిక్కు: అక్షాంశం 2 నుంచి 8కి పోయేసరికి ఉబ్బు తారల పాలు తగ్గి, పాలపుంత పళ్లెం (డిస్క్) తారల పాలు పెరుగుతుంది. సగటు సహజ రంగు మారుతుంది. ఒక్క మూల కంట్రోల్ ఫీల్డ్ పెట్టి గీసిన పటంలో మేఘంతో సంబంధం లేని వాలు ఒకటి కనిపిస్తుంది, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నెమ్మదిగా పెరుగుతూ.

మార్పు:
1. ముందు కచ్చా పటం ఒకటి గీసి, అతి తక్కువ విలువలున్న పిక్సెళ్లు ఏరాలి.
2. వాటిని అక్షాంశం ప్రకారం అర డిగ్రీ పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో జే−హెచ్, హెచ్−కే మధ్యగతాలు తియ్యాలి.
3. అక్షాంశానికి సరళరేఖగా అమర్చాలి. వంపు రేఖ వద్దు, అది మేఘం అంచులను కూడా మింగేస్తుంది.
4. ప్లాంక్ ఉపగ్రహం 353 గిగాహెర్ట్జ్ ధూళి పటంతో ఏరిన పిక్సెళ్లను పోల్చాలి. ప్లాంక్ స్పష్టత 5 ఆర్క్‌మినిట్‌లు, అందుకే మన పటాన్ని కూడా అంత మసకపరిచాకే పోల్చాలి.

ప్లాంక్ కొలిచింది ధూళి వేడి నుంచి వచ్చే కాంతిని, అదీ దృష్టిరేఖ పొడుగునా ఉన్న ధూళి అంతటినీ. మనకు తెలిసేది నక్షత్రం వరకే. రెండూ అచ్చంగా సరిపోవాలని ఆశించకండి. వాలు ఒకేలా ఉందా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు దీని ఖరీదు. హెచ్−కేలో 1 మాగ్నిట్యూడ్ అదనపు ఎరుపు అంటే ఏవీ 15.9. కాబట్టి సున్నా స్థాయి, అంటే ధూళి లేనప్పటి రంగు, 0.01 మాగ్నిట్యూడ్ జరిగితే ఏవీ 0.16 జరుగుతుంది, పెట్టె మొత్తానికీ. 130 పార్సెక్కుల దూరంలో 48 చదరపు డిగ్రీలు 247 చదరపు పార్సెక్కులు. ఏవీ 1కి చదరపు పార్సెక్కుకు 20.5 సూర్య ద్రవ్యరాశులు (ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో దశ 6లో చూద్దాం). గుణిస్తే సుమారు 800.

ఖాతా: సున్నా స్థాయి 0.01కి 800. మొత్తం 800.

దశ 4: ఒక్కో నక్షత్రానికి ఏవీ

ఒక తారను దగ్గరగా చూద్దాం. జే 15.01, హెచ్ 13.05, కే 12.10 అనుకుందాం. కంట్రోల్ ఫీల్డ్ సగటు జే−హెచ్ 0.60, హెచ్−కే 0.15 అనుకుందాం.

హెచ్−కే = 0.95. అదనం 0.80. ఏవీ = 15.9 × 0.80 = 12.7.
జే−హెచ్ = 1.96. అదనం 1.36. ఏవీ = 9.35 × 1.36 = 12.7.

రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. ఇది వెనక ఉన్న మామూలు తార. జే−హెచ్ అదనం హెచ్−కే అదనానికి 1.7 రెట్లు ఉండాలి, అదే ధూళి గుర్తు. హెచ్−కే మాత్రమే మితిమీరి పెరిగి జే−హెచ్ పెరగకపోతే అది ధూళి తెర కాదు: తార చుట్టూ వేడి పళ్లెం ఉన్న పసి నక్షత్రం అయివుండవచ్చు. పైప్ కొసన ఉన్న బర్నార్డ్ 59లో ఇలాంటివి ఉన్నాయి, అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి. రెండు రంగుల పటం గీసి, ఎర్రబడే రేఖకు కుడివైపు దూరంగా పడ్డవి తీసెయ్యాలి. దీన్ని వదిలేస్తే ఏమవుతుందో తరువాతి దశలో కనిపిస్తుంది.

రెండు రంగుల నుంచి ఒకే ఏవీ తియ్యడానికి నైసర్ అనే పద్ధతి వాడాం (లొంబార్డీ, అల్వెస్, 2001). రెండిటినీ వాటి లోపాలకు విలోమంగా తూచి కలపడమే సారం. పట్టించుకోవలసిన మెలిక ఒకటుంది: హెచ్ రెండు రంగుల్లోనూ ఉంది. హెచ్ కొలత పొరపాటున పెరిగితే జే−హెచ్ తగ్గుతుంది, హెచ్−కే పెరుగుతుంది. కాబట్టి కొలత లోపాల సహవిస్తరణ (కోవేరియన్స్) రుణాత్మకం, విలువ హెచ్ లోపం వర్గానికి సమానం. ఇది ధనాత్మకంగా రాస్తే కోడ్ ఎక్కడా ఆగదు, అంకెలూ నమ్మశక్యంగానే వస్తాయి. మసక తారల్లో మాత్రం లోపం తప్పుగా అంచనా అవుతుంది. పరీక్ష సులువు: కంట్రోల్ ఫీల్డ్ తారలకు ఏవీ లెక్కించి, విస్తృతిని ఊహించిన లోపంతో భాగిస్తే 1కి దగ్గరగా రావాలి, ప్రకాశవంతమైన తారల్లోనూ మసక తారల్లోనూ.

ఒక్క తారకు హెచ్−కే విస్తృతి 0.1 అనుకుంటే ఏవీలో లోపం 1.6. ఒక్క తారతో ఏమీ తేలదు. గుంపుగా తీసుకోవాలి.

దశ 5: పటం, దాని అబద్ధాలు

1. పిక్సెల్ 30 ఆర్క్‌సెకన్లు. 8×6 డిగ్రీలకు 960×720, అంటే 6,91,200 పిక్సెళ్లు.
2. ప్రతి పిక్సెల్ చుట్టూ గాసియన్ తూకం, సగం ఎత్తు దగ్గర వెడల్పు 1 ఆర్క్‌మినిట్. ఈ కిటికీని బీమ్ అందాం.
3. కేడీ-ట్రీతో 3 సిగ్మా లోపలి తారలు మాత్రమే తీసుకోవాలి. అన్ని తారలనూ అన్ని పిక్సెళ్లకూ లెక్కిస్తే కంప్యూటరు కూలబడుతుంది.
4. సగటుతో పాటు ఒక్కో పిక్సెల్‌కూ ఎన్ని తారలు దొరికాయో వేరే పటం భద్రపరచాలి.

ఈ బీమ్ ప్రభావ వైశాల్యం 2.27 చదరపు ఆర్క్‌మినిట్‌లు. 26తో గుణిస్తే 59 తారలు. లోపం 1.6ను 59 వర్గమూలంతో భాగిస్తే 0.21. ఒక్క పిక్సెల్‌కు ఇది మంచి అంకె. మొత్తం పెట్టెలో సుమారు 76,000 స్వతంత్ర బీమ్‌లు ఉన్నాయి. యాదృచ్ఛిక లోపం మొత్తం ద్రవ్యరాశిలో కేవలం 4 సూర్య ద్రవ్యరాశులు.

నాలుగు! సున్నా స్థాయి 800 దగ్గర ఇది సున్నాయే. అయినా లోపాల పటం అంటూ చాలామంది గీసేది ఈ నాలుగుకే.

ఖాతా: యాదృచ్ఛికం 4. మొత్తం 800, మారలేదు.

అసలు గోల చిక్కటి కేంద్రాల్లో. ధూళి పెరిగే కొద్దీ తారలు మాయమవుతాయి. మాగ్నిట్యూడ్ ఒకటి దిగితే తారల లెక్క 10కి 0.34 ఘాతం మేర పెరుగుతుందనే వాలుతో, హెచ్ బ్యాండ్‌లో, బీమ్‌కు మిగిలేవి:

ఏవీ 0: 59 తారలు
ఏవీ 10: 15
ఏవీ 20: 3.8
ఏవీ 30: 1

దీని పర్యవసానం. ఒక బీమ్‌లో సగం ఏవీ 5, సగం ఏవీ 15 ఉందనుకోండి. అసలు సగటు 10. పలచటి సగంలో తారలు నాలుగు రెట్లు ఎక్కువ దొరుకుతాయి కాబట్టి మామూలు సగటు 7 చూపిస్తుంది. ఇది శబ్దం కాదు, ఎప్పుడూ తక్కువ వైపే లాగుతుంది. ఎన్ని తారలున్నా పోదు.

పెట్టెలోనే ఉన్న బర్నార్డ్ 68తో దీన్ని పరీక్షించవచ్చు. 4 ఆర్క్‌మినిట్‌ల చిన్న గుండ్రటి మేఘం అది. 2001లో అల్వెస్, చార్లెస్ లాడా, ఎలిజబెత్ లాడా పెద్ద టెలిస్కోపులతో లోతుగా కొలిచి నడిమధ్యన ఏవీ 30 దాకా చూపించారు. టూమాస్ తారలతో, 1 ఆర్క్‌మినిట్ బీమ్‌తో ఆ శిఖరం రాదు. రాలేదని కోడ్ తప్పనుకోకండి. శిఖరం చదునుగా ఉండి తారల లెక్క పటంలో అక్కడ 1, 2 ఉంటే కారణం అదే.

దిద్దుబాటు నైసెస్ట్ (లొంబార్డీ, 2009). ప్రతి తారకూ అదనపు తూకం: 10కి (0.0595 × ఏవీ) ఘాతం. 0.34 × 0.175 = 0.0595. మాయమైన తారల వంతు కూడా మిగిలినవే మోస్తాయన్నమాట. పై ఉదాహరణలో 7 తిరిగి 10 అవుతుంది.

దీనికి రెండు ఖరీదులు:

మొదటిది, ఒక్కో తార ఏవీలో లోపం ఉంది కదా, పొరపాటున ఎక్కువ వచ్చిన తారలకు ఎక్కువ తూకం పడుతుంది. లోపం 1.6 అయితే ఏవీ 0.35 పైకి జరుగుతుంది. ఆ మేరకు తీసెయ్యాలి. ధూళి లేని చోట కూడా 0.35 వస్తోందంటే ఈ తీసివేత మరిచినట్టే.

రెండోది ఇంకా ప్రమాదం. దశ 4లో చెప్పిన పళ్లెం ఉన్న పసి తార ఒకటి మిగిలి, అబద్ధంగా ఏవీ 40 చూపిస్తే దాని తూకం 240 రెట్లు. బీమ్‌లో ఉన్న 59 మంచి తారలనూ ఆ ఒక్కటే మింగేస్తుంది. పటంలో ఒంటరిగా మెరిసే గుండ్రటి చుక్కలు, సరిగ్గా బీమ్ అంత పరిమాణంలో కనిపిస్తే ఇదే. ముందు రెండు రంగుల వడపోత, ఆ తరువాతే నైసెస్ట్. వరస మార్చకూడదు.

ముందున్న తారల సంగతి. మేఘానికి మనకూ మధ్య ఉన్న తారలు ఎర్రబడవు, సగటును కిందికి లాగుతాయి. వీటిని తొలగించడానికి చాలా శ్రమ పడతారు. ముందు అవసరమా అని లెక్క వెయ్యాలి. 130 పార్సెక్కుల వరకు ఈ పెట్టె శంకువు ఘనపరిమాణం 10,700 ఘన పార్సెక్కులు. సూర్యుడి చుట్టుపక్కల ఘన పార్సెక్కుకు సుమారు 0.1 తార. మొత్తం వెయ్యి. బీమ్‌కు 0.014. పైప్‌కు ఈ దిద్దుబాటు దండగ.

అదే మేఘం 500 పార్సెక్కుల దూరంలో ఉంటే సంఖ్య ఘనంగా పెరిగి బీమ్‌కు 0.8 వరకు రావచ్చు. వెనకాల సాంద్రత ఇదే అనుకుంటే, అసలు ఏవీ 20 ఉన్న చోట పటం 16.5 చూపిస్తుంది, 30 ఉన్న చోట 16.4 చూపిస్తుంది. చిక్కటిదీ మరీ చిక్కటిదీ ఒకటే అయిపోతాయి. ఈ విధానాన్ని దూరపు మేఘానికి వాడేవాళ్లు ఈ దశను దాటెయ్యకండి. చిట్కా: తారల దూరాలు కొలిచిన గయా ఉపగ్రహం కంటి కాంతిలోనే, సుమారు 21వ మాగ్నిట్యూడ్ వరకు చూసింది. ఏవీ 20 ఉన్న చోట గయాకు తార కనిపించిందంటే అది దాదాపు ఖాయంగా ముందున్నదే.

దశ 6: ఏవీ నుంచి ద్రవ్యరాశికి

ధూళి మొత్తం ద్రవ్యరాశిలో నూటికి ఒక వంతు. మిగతాది వాయువు. బోలిన్, సావేజ్, డ్రేక్ 1978లో ఇచ్చిన నిష్పత్తి: బీ−వీ రంగులో 1 మాగ్నిట్యూడ్ అదనపు ఎరుపుకు చదరపు సెంటీమీటరుకు 5.8×10²¹ హైడ్రోజన్ పరమాణువులు. ఏవీ సాధారణంగా ఈ ఎరుపుకు 3.1 రెట్లు, కాబట్టి 3.1తో భాగిస్తే ఏవీ 1కి 1.87×10²¹. హీలియం కోసం 1.37తో గుణించి, సూర్య ద్రవ్యరాశుల్లోకి మారిస్తే దశ 3లో వాడిన 20.5 వస్తుంది.

గువర్, ఓజెల్ 2009లో ఇదే నిష్పత్తిని వేరే మార్గంలో, ఎక్స్-కిరణాలతో తీస్తే 2.21×10²¹ వచ్చింది. 18 శాతం తేడా. ఏది సరైనదో పటం చెప్పదు. ఒకటి ఎంచుకుని, ఏది వాడారో మొదటి పేజీలోనే రాయాలి.

ఇంకో చిన్న తేడా. చిక్కటి మేఘాల్లో రేణువులు పెద్దవి, సాధారణ 3.1 కాస్తా 5కి దగ్గరవుతుంది. అప్పుడు ఏవీ మారుతుంది, పరారుణంలో మాత్రం పెద్దగా తేడా ఉండదు. అందుకే ఫలితాలను కే బ్యాండ్ విలువగా భద్రపరిచాం: హెచ్−కే అదనానికి 1.78 రెట్లు. ఇండెబెటో బృందం 2005 నిష్పత్తులతో అది 1.82. 2 శాతం.

ఖాతా:
ఎరుపు నియమం 2 శాతం: 200. మొత్తం 825.
వాయు-ధూళి నిష్పత్తి 18 శాతం: 1,800. మొత్తం 1,980.

దశ 7: దూరం

ద్రవ్యరాశి దూరం వర్గంతో పెరుగుతుంది. దూరంలో 10 శాతం అంటే ద్రవ్యరాశిలో 21 శాతం. ఖాతా: 2,100. మొత్తం 2,890 దగ్గర.

దూరం తియ్యడానికి గయా మూడో డేటా విడుదల, డీఆర్3 (2022 జూన్ 13న విడుదల). ఆలోచన సరళం: మేఘానికి ముందున్న తారలు ఎర్రబడవు, వెనకవి ఎర్రబడతాయి. దూరం వెంట ఏవీ గీస్తే ఒక మెట్టు కనిపించాలి.

1. పారలాక్స్ (భూమి కక్ష్యలో తిరగడం వల్ల తార స్థానంలో కనిపించే జరుగుడు, దగ్గరి తారకు ఎక్కువ) 2 మిల్లీ ఆర్క్‌సెకన్ల కంటే ఎక్కువున్నవే అడగాలి, అంటే 500 పార్సెక్కుల లోపు. లాగిన్ లేకుండా గయా ఆర్కైవ్ 30 లక్షల వరుసలకు మించి ఇవ్వదు.
2. టూమాస్‌తో జత కలపడానికి గయా వాళ్లే ఇచ్చిన జత పట్టిక వాడాలి. సొంతంగా 1 ఆర్క్‌సెకను లోపల వెతికితే వేగంగా కదిలే దగ్గరి తారలు తప్పిపోతాయి, మనకు కావలసినవి అవే.
3. రూవీ (గయా కొలత తారకు ఎంత బాగా అమరిందో చెప్పే సూచీ) 1.4 లోపు, పారలాక్స్ దాని లోపానికి కనీసం 10 రెట్లు.
4. పటంలో ఏవీ 3 నుంచి 6 మధ్య ఉన్న ప్రాంతాల తారలు మాత్రమే. ఇంకా చిక్కటి చోట గయాకు వెనకవి కనబడవు, పలచటి చోట మెట్టు లోపంలో కలిసిపోతుంది.

మూడోదాన్ని 10 దగ్గర పెట్టడానికి కారణం ఉంది. 5 పెడితే చెత్త చేరుతుంది. ఉబ్బు దిక్కున తారలు కిక్కిరిసి ఉంటాయి, పక్కపక్క తారలు కలిసిపోయి పుట్టే దొంగ పారలాక్స్‌లు ఎక్కువ. లక్షల కొద్దీ తారల్లో కొద్ది శాతం చెడినా, దగ్గరి తారలు అరుదు కాబట్టి చెత్తే మెజారిటీ అవుతుంది. గుర్తుపట్టడానికి రంగు-ప్రకాశ పటం గీయండి. ముఖ్య శ్రేణికీ (మామూలు తారల పట్టీ) తెల్ల మరుగుజ్జులకూ మధ్య, ఏ తారా ఉండకూడని చోట మేఘంలా పరుచుకున్నవే అవి.

మెట్టు గీశాక వింత ఒకటి కనిపిస్తుంది: ముందున్న తారల ఏవీ సున్నా దగ్గర ఉండదు, 1.5 పైన ఉంటుంది. ధూళి కాదు. మనం వాడిన సహజ రంగు ఉబ్బు దిగ్గజాలది. దగ్గర కనిపించేవి ఎక్కువగా ఎర్ర మరుగుజ్జులు, వాటి హెచ్−కే సహజంగానే 0.25 వరకు ఉంటుంది. 0.10 తేడాను 15.9తో గుణిస్తే 1.6 అబద్ధపు ఏవీ. కంట్రోల్ ఫీల్డ్‌లోని దగ్గరి తారలను నిజ ప్రకాశం ప్రకారం విడదీసి, మరుగుజ్జులకు వేరే సహజ రంగు పట్టిక చెయ్యాలి. ఇది చేశాక మెట్టు కింది భాగం సున్నాకు దిగుతుంది.

గయా పారలాక్స్ సున్నా దిద్దుబాటు గురించి వాదనలు చాలా ఉంటాయి. ఇక్కడ పట్టించుకోనవసరం లేదు. 130 పార్సెక్కుల పారలాక్స్ 7.69 మిల్లీ ఆర్క్‌సెకన్లు, 0.04 దిద్దినా అర శాతమే. 5,000 పార్సెక్కుల మేఘానికైతే అదే 0.04 ఐదో వంతు తప్పు.

గయా వచ్చాక ప్రచురితమైన దూరాలు పాత 130ని వదిలి 160కి పైన తేలాయి. 160తో ద్రవ్యరాశి 1.51 రెట్లు, అంటే 10,000 కాస్తా 15,000. ఖాతాలో రాసుకున్న 10 శాతం దీని ముందు ఏమూలకు? సున్నా స్థాయి లోపం కూడా అదే నిష్పత్తిలో 800 నుంచి 1,200కు పెరుగుతుంది.

ఇంకో సంగతి: 8 డిగ్రీల పొడవున్న మేఘం ఒకే దూరంలో ఉందనుకోవడం సౌకర్యం కోసమే. పెట్టెను రేఖాంశం వెంట నాలుగు ముక్కలు చేసి మెట్టును విడివిడిగా అమర్చాలి. ముందున్న తారలు మొత్తం వెయ్యే, అందులో ఏవీ 3–6 ప్రాంతాల మీద పడేవి ఇంకా తక్కువ, కాబట్టి నాలుగు కంటే ఎక్కువ ముక్కలు చెయ్యకండి.

తరువాతి పని

పెట్టెలో ప్లాంక్ పటం మన పటం కంటే ఎక్కడ ఎక్కువ చూపిస్తుందో ఆ తేడా పటం గీయాలి. తేడా ఉన్న చోట రెండు కారణాలు పోటీ పడతాయి: తారలకు వెనక ఉన్న ధూళి, లేదా మన బీమ్‌లో మాయమైన తారలు. అక్షాంశం 5 డిగ్రీల కింద మొదటిది బలం. విడదీయడానికి గయా, పాన్-స్టార్స్, టూమాస్ కలిపి చేసిన 2019 నాటి బేస్టార్ త్రిమితీయ ధూళి పటం వాడొచ్చు, అది క్రాంతి (డెక్లినేషన్) −30 డిగ్రీల పైన ఉన్న ఆకాశానికి అందుబాటులో ఉంది. దాన్ని దించేటప్పుడు యూనిట్ చూసుకోండి: అది ఏవీ ఇవ్వదు, తన సొంత ఎరుపు యూనిట్ ఇస్తుంది. మార్పిడి గుణకం వేశాకే తేడా తియ్యాలి.